సంతకం లేని పేజీ

ఆ ఏడాది డిగ్రీ పట్టాల జాబితాలో పరిశోధక విద్యార్థిని వాసిటి పేరు లేదనీ, ఆమె థీసిస్ గుమాస్తా సెఫనాయా సొరుగులోనే పడి ఉందనీ సెలవు ముగించుకొచ్చిన అదే ఆఫీసు ఉద్యోగిని కమ్లాకు ఆ ఉదయం తొమ్మిదిన్నరకు తెలిసింది.

"సెఫా! నాలుగింటికి జాబితా మూసేస్తారు. ఇది ఇంకా ఇక్కడేం చేస్తోంది?"

సెఫనాయా ఎవరిదో థీసిస్ అంచుకు స్కేలు ఆనించి కొలుస్తున్నాడు. ఎడమవైపు నాలుగు సెంటీమీటర్లు ఉండాలి. తగ్గితే బైండింగులో అక్షరాలు నలిగిపోతాయి. ఫిజీ రాజధాని సువాలోని ఆ విశ్వవిద్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పని అదే. అంచులు, దిద్దుబాట్ల పత్రం, రెండు ప్రతులు, సంతకాలు. కాగితాలు తిప్పీ తిప్పీ చూపుడువేలి కొస నున్నబడిపోయింది. ఆయన థీసిస్ కొలిచి పంపినవాళ్ళలో మంత్రులైనవాళ్ళున్నారు. ఆయన చదువు పదో తరగతితో ఆగింది.

"ఈ రచన నాదేనని రాసిచ్చే పేజీలో సంతకం లేదు," అన్నాడు తలెత్తకుండా.

"ఎప్పుడు చూశావు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలా! ఫోన్లో ఒక్క ముక్క చెబితే అప్పుడే వచ్చి గీకిపోయేది కదయ్యా. ఏడేళ్ళు రాసింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉందట, తెలుసా?"

"నా చిన్నాన్న కూతురు, కమ్లా. చెల్లెలు."

కమ్లా కూడా ఫిజీలో పుట్టిన మనిషే, ఆమెకు ఆ సంగతి తెలుసు. అక్కడి మూలవాసుల ఊళ్ళలో పెద్దయ్యాక అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడరు, ఒక గదిలో కూర్చోరు. అది గౌరవం. ఏ కబురైనా చెల్లెలి భర్త నోటి మీదుగానే వెళ్ళాలి.

"అయితే గుమ్మం దాకా వెళ్ళు. లోపలికి మీ బావ తీసుకెళ్తాడు. లే, లే!"

సెఫనాయా ఆ పేజీని చొక్కా లోపల దాచుకుని వానలో ఆసుపత్రికి నడిచాడు. వార్డు బయట బల్ల మీద వాసిటి భర్త ఎమోసి కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఏం బావా, ఆఫీసు తగలబడిందా? పట్టపగలు కనిపించావు!"

"నోరు మూసుకుని ఇది లోపలికి పట్టుకెళ్ళు. సంతకం చేయించు. పెన్ను ఇదిగో."

ఎమోసి వెళ్ళాడు. సెఫనాయా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఓ నర్సు పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు.

ఎమోసి తిరిగొచ్చినప్పుడు పేజీ ఖాళీగానే ఉంది.

"పెన్ను వేళ్ళ మధ్య పెట్టాను బావా. జారిపోయింది. మళ్ళీ పెట్టాను..." పెన్ను తిరిగి చేతికిచ్చాడు. "అయిపోయిందంది నర్సు."

లోపల ఎవరో ఆడమనిషి ఏడుపు అందుకుంది. సెఫనాయా గుమ్మం దాటలేదు.

"నెల కిందట ఇంట్లోనే లేచి కూర్చునేది. పట్టా ఎప్పుడిస్తారని రోజూ అడిగేది," అన్నాడు ఎమోసి. "ఇన్నాళ్ళు దీన్ని తొక్కిపెట్టిన వెధవ ఎవడు? పేరు చెప్పు."

"నేనే బావా. మూడు వారాల కిందటే చూశాను. నీకు చెబుదామని మీ ఇంటికి ఫోన్ చేశాను. నువ్వు మొన్నటిదాకా పడవ మీద పనిలోనే ఉన్నావు. తనే ఎత్తింది. పెట్టేశాను. మర్నాడు చేశాను. మళ్ళీ తనే. మూడోసారి నేను నోరెత్తకముందే, 'అన్నా, నువ్వేనా? ఫర్వాలేదు, చెప్పు' అంది. అప్పుడు కూడా పెట్టేశాను బావా."