చెవులకు అడ్డం లేని తెర

నేను ఒక ఆకుపచ్చ గుడ్డ తెరను. పల్నాడులో ఓ చిన్న సర్కారు ఆసుపత్రిలో, ఆడవాళ్లను పరీక్ష చేసే బల్లకూ వెంట వచ్చినవాళ్లు కూర్చునే బెంచీకీ నడుమ చాలా ఏళ్లు వేలాడాను.

ఒకే తానుగా పుట్టిన మమ్మల్ని దర్జీ కత్తెర రెండు చేసింది. నా రెండో సగం మందుల గది కిటికీకి పోయింది. గాలికి అది రెపరెపలాడే చప్పుడు వినేదాన్ని గానీ, మళ్లీ దాన్ని చూసింది లేదు. నన్ను కట్టిన రోజు సలోమి సిస్టర్ మురిసిపోయింది. "ఇంక మన ఆడోళ్లు సిగ్గుపడే పన్లేదు" అంది. నేనూ నమ్మాను.

నేను ఆపగలిగింది చూపునే, మాటను కాదు. "ఈ కమిలిందేందమ్మా?" అని బల్ల మీది కోడలిని సిస్టర్ అడిగితే, బెంచీ మీది అత్త జవాబు చెప్పేది: "గేదె తన్నిందమ్మా." ఆ ఊళ్లో గేదెలన్నీ కణతకే గురిచూసి తన్నేవి. గేదెలు లేని ఇళ్లలో కూడా.

మిరప కోతల రోజుల్లో తిరపతమ్మ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మూడోది కడుపులోనే పోయింది. ఒంట్లో రక్తం లేదు, ఇప్పట్లో ఇంకో కాన్పయితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. మొగుడికేమో మగపిల్లవాడు కావాలి. వద్దంటే చెయ్యి లేస్తుంది. అత్త పిచ్చమ్మ బెంచీ మీద కూర్చుని ఆకు నములుతోంది.

తిరపతమ్మ నా అంచు పట్టుకుని, ఊపిరంత సన్నగా అడిగింది. "అక్కా, కడుపు రాకుండా ఏదన్నా ఎయ్యి. మా ఆయనకి తెలవకూడదు. నీ కాళ్లకి మొక్కుతా."

సలోమి మంచిది. కానీ టీకాల రోజున పిల్లల ఏడుపుల మీదుగా అరిచీ అరిచీ, మెల్లగా మాట్లాడటం మరిచిపోయింది.

"కాపర్ టీ ఎయ్యమంటావా? మీ ఆయన్ని అడిగావా మరి?"

బెంచీ మీద నమలడం ఆగింది. గోడనైపోదామనుకున్నాను. గుడ్డ ఎక్కడ గోడవుతుంది? పిచ్చమ్మ ఒక్క గుంజు గుంజింది. నన్ను వేలాడదీసిన ఉంగరాలు తెగి నేలన పడ్డాను.

"ఏందే ఏయించుకుంటన్నావు?"

"బలం సూది అత్తా... బలానికి సూదెయ్యమన్నా."

"ఇంటికి పద. నీ బలం సంగతి వాడే చూస్తాడు."

"ఆ పిల్ల చచ్చిపోద్ది పిచ్చమ్మా!" అంటూ సలోమి గుమ్మం దాకా పరిగెత్తింది.

"మేం కనలా అయిదుగుర్ని? మేం చచ్చామా?" పిచ్చమ్మ వెనక్కి చూడకుండా నడిచింది. తిరపతమ్మ మాత్రం చూస్తూనే పోయింది.

ఆ తర్వాత సలోమి పోరాడి చెక్క తలుపు పెట్టించింది. అత్తల్నీ మొగుళ్లనీ వరండాలోకి పంపింది. గుసగుసలాడటం నేర్చుకుంది. కడుపు రాకుండా ఉండే సూది లోపల వేసి, బయటికొచ్చి మాత్రం "బలం సూదేశానమ్మా, మూణ్నెల్లకోసారి తీసుకురా" అని కేకేసేది. అత్తలే చెయ్యి పట్టుకుని మరీ తెచ్చేవాళ్లు. ఆ అబద్ధం ఎవరు కనిపెట్టారో వాళ్లలో ఎవరికీ తెలియదు. నేను నేలన పడ్డ రోజున దాన్ని కనిపెట్టిన మనిషి మాత్రం రాలేదు.

నన్ను చింపి నేల తుడిచే గుడ్డను చేశారు. తొట్టి పక్కన పడి ఉండేదానికి పాదాలే కనిపిస్తాయి. ఒక పొద్దున వాచిపోయిన రెండు పాదాలు గుమ్మంలో ఆగాయి. మెట్టెలు కండలోకి దిగిపోయి ఉన్నాయి.

"ఏడో నెలక్కా" అంది తిరపతమ్మ. పాదాలు తలుపు వైపు తిరిగాయి. "తలుపు పెట్టిచ్చావే. బాగుంది" అంది.

సలోమి ఆమెను లోపలికి తీసుకుని తలుపు వేసింది. గడియ పెట్టింది.