పద్నాలుగో బేలు

ఉన్ని కుచ్చును రెండు చేతుల వేళ్లతో లాగిపట్టి, చెవి దగ్గర పెట్టుకుని టప్పున మీటి, అది గట్టిదో తెగిపోయేదో ఆ చప్పుడును బట్టే చెప్పగల పిల్ల టెగన్. అంత చెవి ఉండీ, సొంత తండ్రి పదిహేనేళ్లుగా తన చుట్టూ నడిపిస్తున్న నాటకం ఆమెకు వినపడలేదు. వినపడకుండా అందరూ కలిసి జాగ్రత్తపడ్డారు మరి.

టర్రాబిన్ షెడ్డులో గొర్రెల కత్తిరింపు మొదలై ఆ రోజుకు నాలుగో రోజు. పొద్దున తొమ్మిదిన్నరకు బెల్లు పడింది. మిషన్లు ఆగాయి. అందరూ నడుములు పట్టుకుని స్మోకోకి, అంటే అరగంట టీకీ కేకుకీ, షెడ్డు చివర బల్ల దగ్గరికి పోయారు. టెగన్ మాత్రం ఉన్ని అరల మధ్యనే నిలబడి, ముందురోజు ఊళ్లో పోస్టాఫీసు నుంచి తెచ్చుకున్న కవరు చింపింది.

అందులో ఉన్నది పదకొండు పేజీల రిపోర్టు. అసలు సంగతి వాగా పట్నంలో డాక్టరమ్మ రెండు నెలల కిందటే చెప్పేసింది, టెగన్‌కు ఆటిజం ఉందని. టెగన్ నమ్మలేదు. ఆవిడ మాట పూర్తి కాకుండానే లేచి బండెక్కి వచ్చేసింది. ఇరవై ఒక్కేళ్లొచ్చాక కొత్తగా పట్టుకోవడానికి అదేమన్నా పడిశమా? బడి చదువు ముగిసింది. ఉన్ని గ్రేడు చేసే పరీక్ష మొదటిసారికే ప్యాసయింది. తన నంబరు చెక్కిన అచ్చురేకు చేతికొచ్చి ఏడాదిన్నర. ఆ రేకు పెట్టి రంగు పూసిన ప్రతి బేలుకూ, అంటే నొక్కి కట్టిన ఉన్ని మూటకూ, ఆమే పూచీ. అలాంటి మనిషికి ఈ పేరేమిటి? పూర్తి రిపోర్టు కావాలని రాసింది కూడా ఒప్పుకోవడానికి కాదు, అందులో తప్పు పట్టుకోవడానికి. ఒక్క తప్పు దొరికితే చాలు, మిగతా పేజీలన్నీ కొట్టుకుపోతాయని ఆమె ఆశ.

వాగా దాకా వెళ్లాల్సిన ఖర్మ క్రోగర్ షెడ్డు వల్ల పట్టింది. తండ్రి డెస్ కత్తిరింపు ముఠా నడుపుతాడు. ఆ ముఠాకు పని లేని మార్చి నెలలో, క్రోగర్ అనే ఇంకో మేస్త్రీ పిలిస్తే టెగన్ వెళ్లింది. వేరే ముఠాలో పనిచేయడం అదే మొదలు. అక్కడ రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. దానికి తోడు ఎనిమిది మిషన్లు, కేకలు, వెనక నుంచి వచ్చి భుజం చరిచేవాళ్లు. రెండో బెల్లు పడేలోపే ఏ ఉన్ని ఏ అరలో వేస్తోందో ఆమెకు తెలియకుండా పోయింది. మధ్యాహ్నం షెడ్డు చెక్కల నేల కింద, గొర్రె పెంటికల్లో, చెవులు మూసుకుని కూర్చుని ఉంటే లాక్కొచ్చారు. "రాణీగారికి మన సంగీతం పడలేదర్రా" అని క్రోగర్ నవ్వాడు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

"అన్ని షెడ్లూ మన షెడ్డులా ఉండవేంటి నాన్నా?" అని ఇంటికొచ్చి అడిగింది.

"అది షెడ్డు కాదులే తల్లీ, సంత. వాళ్లంతా రౌడీ మూక" అన్నాడు డెస్.

అదీ ఆ పెద్దమనిషి ఇచ్చిన జవాబు. అది చాలక, తనకేమైందో తెలుసుకుందామని టెగన్ తనే వాగా వెళ్లింది.

ఇప్పుడు నాలుగో పేజీలో, ఏ ఆర్భాటమూ లేకుండా, మూడు వాక్యాలున్నాయి. తండ్రితో ఫోన్‌లో మాట్లాడాం. అమ్మాయికి ఆరేళ్ల వయసులో మెల్‌బోర్న్‌లో పరీక్ష చేయించగా ఆటిజం అని తేలినట్టు ఆయన చెప్పారు. ఆ సంగతి అమ్మాయికి తెలియనివ్వకూడదని కుటుంబం నిర్ణయించుకుంది.

కుటుంబమట. టెగన్‌కు నాలుగేళ్లప్పుడే తల్లి పోయింది. ఆ కుటుంబమంతా డెస్ ఒక్కడే.

మూడుసార్లు చదివింది. తప్పు పట్టుకుందామని తెప్పించిన కాగితంలో తప్పెక్కడా కనపడలేదు. డాక్టరమ్మకు తండ్రి ఫోన్ నంబరు ఇచ్చింది తనే. "ఒకావిడ ఫోన్ చేస్తుంది నాన్నా, నా చిన్నప్పటి సంగతులు అడుగుతుందట" అని చెబితే "అలాగే" అన్నాడు. ముక్కూ మొహం తెలియని ఆవిడకు అన్నీ చెప్పాడు. ఆ పూటే కూతురి ఎదురుగా కూర్చుని, ఉప్పు ఇటు జరపమని అడిగి, మాంసం కోసుకుని తిన్నాడు. అది జరిగి రెండు నెలల పైనే అయింది.

ఆమె కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. ఐదుగురున్నారు. డెస్, ఆమె పుట్టకముందు నుంచీ ముఠాలో ఉన్న ముసలి క్లెమ్, న్యూజిలాండ్ నుంచి మూడేళ్ల కిందట వచ్చి బేళ్ల ప్రెస్సు చూసుకుంటున్న మావోరీ కుర్రాడు హెమీ, ఇంకో ఇద్దరు కత్తిరింపు వాళ్లు.

"ఇది చదువు" అంది తండ్రితో.

డెస్ కాగితం పైనున్న డాక్టరమ్మ పేరు చూశాడు. కళ్లద్దాల కోసం జేబులు తడుముకున్నాడు. అద్దాలు నెత్తిమీదే ఉన్నాయి.

"పోన్లే, నేనే చదువుతా" అని గట్టిగా, తడబడకుండా, మూడు వాక్యాలూ చదివింది.

హెమీ కొరకబోయిన కేకు ముక్కను పళ్లెంలో పెట్టేశాడు.

"ఇక్కడ కాదు తల్లీ. బయటికి పద, మాట్లాడుకుందాం" అన్నాడు డెస్.

"ఎందుకు? వీళ్లకి తెలిసిపోతుందనా?"

ఎదుటివాళ్ల మొహం చూసి మనసు కనిపెట్టడం టెగన్‌కు ఎప్పుడూ చేతకాదు. కానీ ఆశ్చర్యం లేని మొహాలు ఐదు వరసగా కూర్చుని ఉంటే, ఎంత చేతకానివాళ్లకైనా తెలుస్తుంది.

"హెమీ, నీకు తెలుసా?"

హెమీ కాళ్లకేసి చూసుకున్నాడు. "తెలుసు చెల్లీ. చేరిన రోజే చెప్పాడు మీ నాన్న. రేడియో పెట్టొద్దు, వెనక నుంచి ముట్టుకోవద్దు, చేతిలో ఉన్ని ఉండగా పిలవొద్దు. ఏదన్నా మార్చాలంటే ముందురోజే నీకు చెప్పాలి. నీ ముందు మాత్రం ఈ మాటే ఎత్తొద్దన్నాడు. నాకు బాగోలేదు. కానీ ఉద్యోగం కదా."

"క్లెమ్?"

"నువ్వు ఈ బల్లంత ఎత్తు లేనప్పట్నుంచీ తెలుసు పిల్లా. అయితే ఇప్పుడేమైందట? నిన్నెవరన్నా ఒక్క మాటన్నారా ఈ షెడ్డులో?"

"రేడియో పెట్టనిది నా కోసం కాదు. నాన్నకి పాటలు గిట్టవు."

క్లెమ్‌కు నవ్వాగలేదు. "డెస్‌కి పాటలు గిట్టవా? నువ్వు లేనప్పుడు వీడి బండెక్కి చూడాలి. వీడి గొంతుకి దారిలో కాకులు చెట్టు ఖాళీ చేసి పోతాయి" అన్నాడు. తను తప్ప ఎవరూ నవ్వడం లేదని కాస్త ఆలస్యంగా తెలిసి, టీ కప్పులో మొహం దాచుకున్నాడు.

తండ్రికి పాటలు గిట్టవు అన్నది ఆమెకు తెలిసిన లోకంలో సూర్యుడు తూర్పున పుడతాడన్నంత గట్టి సంగతి. పుట్టినరోజుకు ఎవరో ఆయనకు పాటల డబ్బా బహుమతిగా ఇస్తే, నాన్నకు ఇబ్బందని ఆమే తీసి అటక మీద దాచింది. షెడ్లన్నీ ఇలాగే నిశ్శబ్దంగా ఉంటాయనీ, మనుషులంతా ఎదురుగా వచ్చి నిలబడి నెమ్మదిగా మాట్లాడతారనీ, ఏ మార్పయినా ముందురోజే చెప్పడం మర్యాదనీ నమ్మి పెరిగింది. అదంతా ఆమె కోసం కట్టిన దడి. దడి అని చెప్పకుండా, ఇదే ఊరు అని చెప్పారు. ఊరనుకునే ఆమె క్రోగర్ దగ్గరికి పోయింది.

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"చెబుదామనే అనుకున్నా తల్లీ. ముందు చిన్నపిల్లవి. తర్వాత బడి పరీక్షలన్నావు. ఆ తర్వాత నువ్వు బాగానే ఉన్నావు. బాగున్న పిల్ల దగ్గరికెళ్లి ఏమని చెప్పను? అసలా పేరు బయటికొస్తే బళ్లో పిల్లలు నిన్ను పీక్కుతినేవాళ్లు."

"పేరు లేకపోయినా పీక్కుతిన్నారు నాన్నా. ఎందుకో నాకు తెలియలేదు, అదొక్కటే తేడా."

డెస్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మంచివాడే. ఊళ్లో ఎవరినడిగినా ఆ మాటే అంటారు. మంచివాడు కాబట్టే ఇంత పకడ్బందీగా చేశాడు, చెడ్డవాడైతే ఎప్పుడో నోరు జారి చెప్పేసి ఉండేవాడు.

అప్పుడు టెగన్‌కు ఇంకో అనుమానం పుట్టింది. మిగతావన్నీ ఎలాగోలా మింగగలదేమో కానీ, ఇది మింగుడుపడేది కాదు.

"నా అరలు ఎవరు సర్దుతున్నారు?"

"ఏంటి?"

"నేను గ్రేడు చేసి అరల్లో వేశాక, నా వెనకాల ఎవరు మారుస్తున్నారు? క్లెమ్మా, నువ్వా? రేడియో సర్దారు, మనుషుల్ని సర్దారు, ఇన్ని సర్దినవాళ్లు ఉన్ని సర్దరా?"

"ఒట్టు తల్లీ, నీ అర జోలికి ఎవరూ రాలేదు. నీ పని నీదే. పరీక్ష మొదటిసారికే ప్యాసయ్యావు కదా!"

"పరీక్ష పెట్టినాయన నీ స్నేహితుడు కదా!"

డెస్ చెయ్యి మళ్లీ టోపీ మీదికి పోయింది. టెగన్‌కు అంతే చాలింది.

గోడ పక్కన ఆ వారం బేళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. పద్నాలుగోది ముందురోజు ముగించింది, మందలో అన్నిటికన్నా మేలైన ఉన్ని. మూత క్లిప్పులు ఊడదీసే ఓపిక ఆమెకు లేదు. నడుముకున్న కత్తి తీసి బేలు పక్కన పైనుంచి కిందికి దించింది.

"ఏయ్, ఏయ్!" అంటూ క్లెమ్ బల్ల తోసుకుని లేచాడు. ప్రెస్సు చేసి ముద్ర వేసిన బేలును కోయడం షెడ్డులో పెరిగిన వాళ్లెవరూ చేసే పని కాదు. సంచి నైలాన్ పోగు ఒక్కటి ఉన్నిలో కలిసినా బేలంతా మచ్చపడుతుందని కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పేది టెగనే. ఇప్పుడు ఆ పోగులే ఆమె చేతి చుట్టూ రాలాయి. ఎవరూ ముందుకు రాలేదు. వెనక నుంచి ముట్టుకోకూడదు కదా.

నొక్కి పెట్టిన ఉన్ని చీలికలోంచి ఉబికి నేల మీదికి జారింది. టెగన్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఉన్ని చుట్టా విప్పింది. ప్రతిదాంట్లోంచీ ఒక కుచ్చు లాగి, వెలుతురులో పొడవు చూసి, చెవి దగ్గర మీటింది. ఏ చుట్ట ఏ గొర్రెదో కూడా ఆమెకు గుర్తే. చెవి కింద గోధుమరంగు చుక్క ఉన్నది, వీపున ముల్లు గీసుకున్నది, ఆలస్యంగా వచ్చిన ముసలిది.

పది గంటలైంది. పని మొదలు బెల్లు కొట్టాల్సిన వేళ.

"బెల్లు, డెస్" అన్నాడు క్లెమ్ మెల్లగా.

"ఉండనీ."

పది, ఇరవై, ముప్పై. తప్పు దొరుకుతుందని చూసింది. ఒక దశలో దొరకాలనే కోరుకుంది, దొరికితే కోపానికి ఒక చోటుంటుంది. నలభై చుట్టలూ విప్పింది. తను వేసినవి తను వేసినట్టే ఉన్నాయి. బయటిది ఒక్కటీ లేదు, తీసేసింది ఒక్కటీ లేదు, గ్రేడు తప్పింది ఒక్కటీ లేదు. ఇన్నాళ్లూ ఆ పని చేసింది ఆమే. ఆ సంగతి తెలిసిన ఈ క్షణంలో గంతులేయాలి నిజానికి. కానీ చేతులకంటిన జిడ్డుతోనే కళ్లు తుడుచుకుంది.

డెస్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు కూడా ఎదురుగానే.

"చూశావా తల్లీ? నేను చెబుతూనే ఉన్నా కదా. అంతా నీదే. నేను వేలు కూడా పెట్టలేదు."

"చెప్పావు. పాటలు గిట్టవనీ చెప్పావు. నీ మాట మీద నమ్మకముంటే బేలెందుకు కోస్తాను?"

"నీ మంచి కోసమే..."

చిందిన ఉన్ని ఎత్తబోతూ ఆయన చెయ్యి చాచాడు. "ముట్టుకోకు" అంది టెగన్. అరవలేదు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"క్రోగర్ దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం నాకు పిచ్చెక్కిందనుకున్నాను నాన్నా. నిజంగానే అనుకున్నాను. ఇంక ఏ పనికీ పనికిరానని, ఎక్కడన్నా పడేస్తారని అనుకుంటూ వంటింట్లో కూర్చున్నాను. నువ్వు నా పక్కనే ఉన్నావు. నీకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది." ఆమె చేతిలో ఉన్ని కుచ్చు నలిగిపోయింది. "చెప్పలేదు. టోస్టు కాల్చి, వెన్న రాసి, నాకు ఇష్టముండదని అంచులు కూడా కోసి, చేతిలో పెట్టావు."