రాయి దాకా

నేను ఒక ఎర్ర ఇసుకరాయిని. మోకాలెత్తు ఉంటాను. వయసు మూడు వందల ఏళ్లకు కాస్త తక్కువ. జర్మనీ దక్షిణాన, బీచ్ అనే అడవిచెట్లు కమ్మిన గుట్టల మధ్య ఇరుకైన లోయలో హోల్డర్‌గ్రుండ్ అనే చిన్న పల్లె ఉంది. ముప్పై ఒక్క ఇళ్లు, ఒక చర్చి గంట, ఒక వాగు. ఆ పల్లె ఎక్కడ ఆగిపోతుందో, ఎగువనున్న రావెన్‌ఫెల్డ్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడమే నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, పదవీ విరమణ అంతకంటే లేదు.

నన్ను చెక్కిన మేస్త్రీ ఒక ముఖం మీద బిషప్పుగారి చేతికర్ర, రెండో ముఖం మీద జమీందారుగారి గొడ్డలి చెక్కాడు. దిగువ పల్లె బిషప్పుది, ఎగువ ఊరు జమీందారుది. తర్వాత వాళ్లిద్దరూ పోయి రాజు వచ్చాడు. రాజూ పోయాడు. వచ్చిన ప్రతివాడూ పటం మీద కొత్త గీతలు గీశాడు. వాగు మాత్రం ఎవరినీ అడగకుండా కిందికే పారింది. ఒక యుద్ధం చివర్లో ఎవరో సిపాయి నా మీద కూర్చుని బూట్లు విప్పి, కాలివేళ్లు ఆడించుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఏ దేశంవాడో తెలియలేదు. వాచిన పాదాలను బట్టి దేశం చెప్పడం కష్టం. యాభై ఏళ్ల కిందట హోల్డర్‌గ్రుండ్‌ను దూరపు పట్నంలో ఒక పేటగా కలిపేశారు. బడి మూసేశారు, పోస్టు డబ్బా పీకేశారు. నన్ను పీకడం ఎవరికీ గుర్తురాలేదు.

ఆ ప్రాంతంలో హద్దురాళ్లు పాతేది ఊరు నమ్మిన ఏడుగురు. రాయి అడుగున కాల్చిన మట్టి బిళ్లలు కొన్ని, తమకు మాత్రమే తెలిసిన వరసలో పేరుస్తారు. వాటిని సాక్షులంటారు. రాయిని జరిపినా సాక్షులు అసలు చోటే ఉండిపోతారు. ఆ వరస ఎవరికీ చెప్పబోమని ఒట్టు. ఒకరు పోతే మిగిలినవాళ్లు కొత్తవాణ్ణి చేర్చుకుని చెవిలో చెబుతారు.

నా అసలు చోటు ఒక ఊటకు పైన. ఎంత మంచు కురిసినా గడ్డకట్టని ఊట. ఆ నీళ్లలో ఆల్బన్ అనే రైతు క్రెస్ మళ్లు వేశాడు. క్రెస్ అంటే నీళ్లలో పెరిగే ఆకుకూర, ముల్లంగి ఆకులా కాస్త ఘాటు. ఒక వేసవిలో వాగు పొంగి నన్ను పెకలించి, ఊట దాటించి, ఇరవై రెండు అడుగులు కిందికి దొర్లించింది. మర్నాడు ఆల్బన్ బురదలో పడి ఉన్న నన్ను చూసి ఉసూరుమన్నాడు. శుభ్రంగా కడిగి, పడిన చోటే గొయ్యి తీసి నిలబెట్టాడు. రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూశాడు. నేను నిటారుగా ఉన్నానా అని అంత శ్రద్ధగా చూసిన మనిషి, ఎక్కడ ఉన్నానో ఒక్కసారీ చూడలేదు.

నలభై ఏళ్లు హాయిగా గడిచాయి. ఆల్బన్ పోయాక అతని కూతురు ఒటీలియా ఆ మళ్ల మీదే బతికింది. ఈ వసంతంలో కొలతల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వెంట రావెన్‌ఫెల్డ్ మేయరు వెండెలిన్. అతని ఊరి నీళ్ల ట్యాంకు అడుగంటింది. ఊటను గొట్టంలోకి ఎక్కించాలని అతని ఆలోచన. అదే జరిగితే ఒటీలియా మళ్లు ఎండిపోతాయి. అందుకే ఆమె పల్లె పెద్ద కిలియాన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది.

"పాత దస్తావేజులో హద్దు 'రాయి దాకా' అనే ఉందండీ. రాయేమో ఇక్కడుంది, ఊట పైనుంది. అంటే ఊట రావెన్‌ఫెల్డ్‌దే," అంది కొలతల అమ్మాయి.

"ఈ రాయి మా నాన్న నిలబెట్టింది! వెంట్రుకవాసి వంగలేదు చూడండి," అంది ఒటీలియా గర్వంగా.

"విన్నారుగా? రాయి సరిగ్గానే ఉందని ఇంటిపిల్లే చెప్పింది," అన్నాడు వెండెలిన్.

తన మాటే తన మళ్లను ముంచిందని తెలిసి ఒటీలియా ముఖం పాలిపోయింది. అప్పుడు కర్ర పోటు వేసుకుంటూ కిలియాన్ ముందుకొచ్చాడు. ఎనభై నాలుగేళ్లవాడు. ఆ ఏడుగురిలో మిగిలింది అతనొక్కడే.

"నిటారుగానే పెట్టాడమ్మా మీ నాన్న. చోటే తప్పు."

"ఇన్నేళ్లూ ఏం చేస్తున్నావు బాబాయ్?"

"ఎంత ముచ్చటపడి చూపించాడనుకున్నావు! బాగుంది ఆల్బన్ అనేశాను. ఇంక ఆ మాట ఎలా వెనక్కి తీసుకోను?"

"సరే, అసలు చోటు చూపించు," అన్నాడు వెండెలిన్.

"తవ్వితే సాక్షుల వరస బయటపడుతుంది. ఏడుగురిలో ఒకరికైతే చూపిస్తాను."

"మిగతా ఆరుగురూ శ్మశానంలో ఉన్నారు కదయ్యా!"

"ఏం చెయ్యను? మా ఆవిడకే చెప్పలేదు. ప్రతి పుట్టినరోజుకీ అడిగేది. చెప్పనందుకు అలిగేది, చెప్పనందుకే నమ్మేది." కాసేపు ఊటవైపు చూశాడు. "ఒటీలియా, కుడిచెయ్యి ఎత్తమ్మా."

"ఆడవాళ్లని ఎప్పుడైనా చేర్చుకున్నారా?" అన్నాడు వెండెలిన్ గాభరాగా.

"చేర్చుకోకూడదని నాకెవరూ చెవిలో చెప్పలేదు."

ఒటీలియా ఒట్టేసింది. ఆచారం ప్రకారం మిగతా ఇద్దరూ గుట్టవైపు తిరిగి నిలబడ్డారు. మేయరుగారు క్రమశిక్షణగా కళ్లు కూడా మూసుకున్నారు. ఊటకు పైన, కిలియాన్ చూపిన చోట ఒటీలియా తవ్వింది. పార రెండడుగులు దిగాక టక్కుమంది. ఆమె మోకాళ్ల మీద కూలబడి, వేళ్లతో మట్టి తుడిచి, ఏడుస్తూ నవ్వింది. ఒక్క బిళ్ల మాత్రం పైకెత్తి, వాళ్లను పిలిచి చూపింది. దాని మీద హోల్డర్ అనే పొద పువ్వు ముద్ర, పల్లెకు పేరిచ్చిన గుర్తు.

కొలతల అమ్మాయి తన కాగితం మీద గీత కొట్టేసింది. వెండెలిన్ టోపీ తీశాడు. "ఊట మీదే. మా ట్యాంకు సంగతి దేవుడు చూసుకోవాలి."

"దేవుడెందుకు, నేను లేనా? నా మళ్లు దాటి వచ్చే నీళ్లు పంపు పెట్టి తోడుకో. అవెలాగూ వాగులో కలిసేవే," అంది ఒటీలియా.

సాయంత్రానికి నన్ను మోసుకెళ్లి సాక్షుల మీద నిలబెట్టారు. చెప్పులు విడిచి సొంత ఇంటి గచ్చు మీద కాలుపెట్టినట్టనిపించింది. మట్టి కప్పుతూ ఒటీలియా, "ఇంకా ఐదుగురు కావాలి కదా బాబాయ్? నేనొకరిని ఎంచుకుంటాను. వెండెలిన్, చెయ్యి ఎత్తు," అంది.

"వాడు అవతలి ఊరివాడే!" అన్నాడు కిలియాన్.

"హద్దన్నాక అవతల కూడా ఒక ఊరుంటుంది."

కిలియాన్ చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి వెండెలిన్‌తో ఒట్టు వేయించి, చెవి దగ్గరికి వంగి బిళ్లల వరస చెప్పాడు. మేయరు కళ్లు పెద్దవి చేసి విన్నాడు.

"అంతేనా?" అని అరిచాడు.

"ష్!" అన్నారు హోల్డర్‌గ్రుండ్ వాళ్లిద్దరూ.