ఆఖరి రౌండు

గురుగ్రామ్‌లోని ఆ పెద్ద టెక్ కంపెనీ మొదటిసారి ఇంటర్వ్యూ చేసినప్పుడు, తాను గర్భవతినని మైథిలికి ఇంకా తెలియదు. తర్వాత ఒక్కో రౌండుకూ వారాలు పట్టింది. ఓసారి ఇంటర్వ్యూ చేయాల్సినాయన రానేలేదు. ఇంకోసారి మేనేజరు మారిపోయి, పాత ప్రశ్నలే మళ్లీ అడిగారు. వీడియోలో ముఖం ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి ఆమె ఏమీ చెప్పలేదు.

ఆఖరి రౌండుకు ఆఫీసుకే రమ్మన్నారు. అప్పటికి ఏడో నెల.

కొత్త మేనేజరు ఆమె పొట్ట చూశాడు. పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మంచినీళ్లిచ్చి, జాగ్రత్తగా వెళ్లమన్నాడు.

హెచ్ఆర్ అమ్మాయి లిఫ్టు దాకా వచ్చింది. "నాదీ ఏలూరే అక్కా. డెలివరీ అయ్యాక మళ్లీ అప్లై చేయండి."

"మళ్లీ మొదటి రౌండు నుంచా?"

"అవునక్కా, పాలసీ."

"మీరు త్వరగా తేల్చుంటే ఈపాటికి ఇక్కడే పనిచేస్తుండేదాన్ని కదమ్మా!"

ఆ అమ్మాయి లిఫ్టు బటన్ నొక్కింది.

మెట్రోలో ఎవరో లేచి సీటిచ్చారు. మైథిలి భర్తకు ఫోన్ చేసి "రాలేదు" అంది. ఆపైన ఏడుపు ఆగలేదు.

"క్యా హువా బేటా? దర్ద్ హో రహా హై?" అంటూ పక్కనున్న ఆంటీ, నొప్పేమోనని కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుంది.

మైథిలి అవునన్నట్టు తలూపింది.