మబ్బుల మేస్త్రి

ఇస్త్రీ పెట్టె చొక్కా కుడిచేతి మీదికి వచ్చేసరికి తాను ఏ ఊళ్ళో ఉన్నదీ ఆయనకి గుర్తొచ్చింది. అప్పటిదాకా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. హోటలు గదులన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఒకే పోలికతో ఉంటాయి. తెల్ల దుప్పటి, గోడకి అతికించిన టీవీ, కిటికీకి రెండు పొరల పరదా, నీళ్ళు కాచుకునే కెటిలు. పొద్దున్నే లేచి తలుపు ఏ పక్కనుందో తడుముకోవడం, కుళాయి ఎటు తిప్పితే వేణ్ణీళ్ళొస్తాయో కొత్తగా నేర్చుకోవడం ఈ ఏడాదంతా ఆయనకి అలవాటైపోయింది.

ఫోను మోగింది. భార్య.

"లేచారా?"

"ఇస్త్రీ చేసుకుంటున్నా."

"ఈ ఒక్కరోజు భాగ్యానికి ఇస్త్రీ ఎందుకండీ? రేపట్నుంచి మీ చొక్కాలు చూసేది నా మొక్కలేగా."

"మొక్కలకి మాత్రం కళ్ళుండవా?"

"ఆహా! ఏడాదంతా మబ్బుల్లో తిరిగారు. నా నారు మీద ఒక్క చుక్కైనా రాల్చారా?"

వెనకాల పైపులోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ ఊరి చివర మొక్కలు పెంచి అమ్ముతుంది. ఎప్పుడు ఫోను చేసినా ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పైపు. ఆయన పని పేరు క్లౌడ్ కన్సల్టెంటు. ఆ మాట చుట్టాల నోట్లో తిరగక "అంటే ఏం చేస్తారమ్మా మీ ఆయన?" అని అడిగితే, "మబ్బుల మేస్త్రి. నేను మట్టిలో, ఆయన మబ్బుల్లో. మధ్యలో కాపురం" అని ఆవిడే చెప్పేది. ఆ పేరే నిలిచిపోయింది.

నిజానికి ఆయన చేసేది ఇళ్ళు మార్పించే పనిలాంటిదే. ఆసుపత్రో, బస్సుల కంపెనీయో, గ్రంథాలయమో తమ లెక్కలన్నీ సొంత గదిలోని పాత కంప్యూటర్లలో పెట్టుకుని ఉంటుంది. వాటికి వయసు మీద పడుతుంది. అప్పుడు ఆ సామానంతా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రశాలల్లో అద్దెచోటుకి తరలించాలి. ఒక్క చెంచా పోకూడదు, ఒక్క గ్లాసు పగలకూడదు. పైగా ఇంట్లోవాళ్ళు ఆ పూట కూడా వంట మానకూడదు. పని బాగా జరిగితే ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకే ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. ఎవరైనా మొదటిసారి చూస్తే ఏసీ బాగుచేయడానికి వచ్చాడనుకుంటారు. పొట్టి మనిషి, పలచబడ్డ జుట్టు, పెద్ద పెద్ద చెవులు, వేళ్ళ చివర్లు పొడిబారిన చేతులు. ఎవరు మాట్లాడినా తల ఒక పక్కకి వంచి, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా నోరు విప్పడు.

చొక్కా తొడుక్కుని కిందికి దిగాడు. రొట్టె, టీ అయ్యాక గది ఖాళీ చేసి, చక్రాల పెట్టె లాక్కుంటూ నడిచి బయల్దేరాడు. ఈ ఏడాది ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆయన చూసినవి ఎక్కువగా నేలమాళిగలే. సముద్రమున్న ఊరికి వెళ్ళి సముద్రం చూడకుండా వచ్చాడు. కొండల ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పొగమంచు. విమానం ఆలస్యమైన ఒక మధ్యాహ్నం పక్క కుర్చీలో ఏడుస్తున్న పసిపిల్లని ఎత్తుకుని, తల్లి కాస్త ముద్ద తినేదాకా అద్దాల పక్కన అటూ ఇటూ తిప్పాడు. పాల ఫ్యాక్టరీలో ఒక గుమాస్తా కొత్త తెర చూసి బెదిరిపోతే రెండు రోజులు అతని పక్కనే కూర్చున్నాడు. ఏడాది ప్రయాణంలో ఏం గుర్తున్నాయని అడిగితే ఇలాంటివే చెబుతాడు. తాను తరలించిన సామాను గురించి మాత్రం ఏమీ చెప్పడు.

ఇప్పుడున్న ఊళ్ళో పని అంబులెన్సుల కంట్రోల్ రూములో. పొడుగాటి గది, వరసగా బల్లలు, బల్లకొక తెర, తెరకొక మనిషి. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఆ ఫోను ఇక్కడ మోగుతుంది. ఇక్కడివాళ్ళు బండిని పంపిస్తారు. పాత పద్ధతిలో ఫోను చేసినవాళ్ళని చిరునామా అడిగి రాసుకోవాలి. కొత్త పద్ధతిలో ఫోను రాగానే చిరునామా దానంతటదే తెర మీద పడుతుంది. ఒక మీట నొక్కితే చాలు, బండి కదులుతుంది. ఈ పొద్దున్నుంచే ఫోన్లన్నీ కొత్త పద్ధతిలోకి మళ్ళించారు. మధ్యాహ్నం పెద్దలొచ్చి రిబ్బను కత్తిరిస్తారు. ఆ తర్వాత పాత యంత్రం ఆపేయాలి.

అప్పటిదాకా దాన్ని నడుస్తూ ఉండనివ్వాలని పట్టుబట్టింది ఆయనే. ఖర్చు దండగ అన్నారు పైవాళ్ళు. "ఏరు దాటగానే తెప్ప తగలేస్తే ఎలా? ముందు అవతలి గట్టు గట్టిదో కాదో తొక్కి చూడనివ్వండి" అన్నాడు. ప్రతి ఊళ్ళోనూ అదే మాట. మీటింగుల్లో కుర్రవాళ్ళు ఆయన నోరు విప్పబోతుంటేనే "తెప్ప సంగతేగా సర్" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. కానీ తెప్ప మాత్రం వదిలేవాడు కాదు.

వెళ్ళి మొదటి బల్ల పక్కన కుర్చీ లాక్కుని, స్వెట్టరు విప్పి దాని వీపుకి తగిలించాడు. అక్కడ కూర్చునే ఆవిడని అందరూ కంచమ్మ అంటారు. కంచుగొంతు. ఆవిడ ఫోనులో "కంగారు పడకండి" అంటే వీధి చివరివాళ్ళు కూడా కంగారు మానేస్తారని ఆఫీసులో వేళాకోళం.

"రండి రండి. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోమంటున్నారు మీవాళ్ళు" అంది కంచమ్మ.

"ముంత నేను పట్టుకుంటానమ్మా. మీరు వానెలా ఉందో చూడండి."

రెండో ఇయర్‌ఫోను తీసి ఆయన తన చెవికి తగిలించుకున్నాడు. ఇది నియమాల్లో లేదు. తెరల మీద గీతలూ అంకెలూ చూసి పని బాగుందో లేదో చెప్పే ఏర్పాట్లు బోలెడున్నాయి. అయినా ఆయన వినాలనుకుంటాడు. వాళ్ళమ్మకి వినపడేది కాదు. చిన్నప్పుడు కొట్టుకెళ్ళినా, డాక్టరు దగ్గరికెళ్ళినా అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన నిలబడి, ఎదుటివాళ్ళు చెప్పింది ఆవిడకి పెదాలతోనూ వేళ్ళతోనూ మళ్ళీ చెప్పేవాడు. ఒక్క ముక్క తప్పు విన్నా అమ్మ తప్పు మందు మింగుతుందన్న భయం ఉండేది. అమ్మ పోయి చాలాకాలమైంది. చెవులు మాత్రం ఇంకా ఆ కాపలాలోనే ఉన్నాయి.

పొద్దుటిపూట ఫోన్లు బాగానే నడిచాయి. జారిపడిన ముసలాయన, నొప్పులొస్తున్న పడుచు, రోడ్డు మీద స్కూటరు. చిరునామాలు టకటకా పడుతున్నాయి. కంచమ్మ ముఖంలో కూడా కాస్త వెలుగొచ్చింది. "ఏదో అనుకున్నా గానీ, బానే ఉందండోయ్" అంది.

అప్పుడు రెండు ఫోన్లు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి. మొదటిదానికి బండి పంపి పెట్టేయగానే రెండోది అందుకుంది. ఎవరో కోడలు. ఏడుస్తోంది.

"మా మావయ్యగారికి ఊపిరాడట్లేదండీ... పెదాలు నల్లబడిపోతున్నాయి... వంతెన వీధండీ, త్వరగా..."

"కంగారు పడకమ్మా. బండి పంపిస్తున్నా" అంటూ కంచమ్మ వేలు మీట మీదికి వెళ్ళింది. తెర మీద చిరునామా ఉంది. కొండవాలు వీధి.

"ఆగండమ్మా!"

ఆయన అంత గట్టిగా మాట్లాడగలడని ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆయన వేలు తెరకేసి చూపించింది. కంచమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ముఖం పాలిపోయింది. కానీ గొంతు మాత్రం చెక్కు చెదరలేదు.

"అమ్మా, మీ వీధి పేరు ఇంకోసారి చెప్పు. వంతెన వీధి. ఇంటికి గుర్తేంటి? నీలం గేటు. సరే. తలుపు తీసి ఉంచు. ఆయన్ని కూర్చోబెట్టు, పడుకోబెట్టకు."

చిరునామా చేత్తో కొట్టి బండి పంపింది. తెర మీది కొండవాలు వీధి అప్పటికిగానీ చెరిగిపోలేదు. అది అంతకు ముందు ఫోను చేసినవాళ్ళది.

ఆయన లేచి గది చివరికి వెళ్ళాడు. ఖాళీగా ఉన్న ఇద్దరిని పిలిచి వాళ్ళ సొంత ఫోన్లలోంచి వెంటవెంటనే ఫోను చేయించాడు. ఏమీ కాలేదు. మళ్ళీ చేయించాడు. కాలేదు. "ఏదో ఒక్కసారి తడబడి ఉంటుంది" అన్నారు వాళ్ళు. ఆయన తల పక్కకి వంచి, "ఇంకొక్కసారి, ఈసారి ఇంకా దగ్గర దగ్గరగా" అన్నాడు. ఈసారి పాత చిరునామా కొత్త ఫోను మీద అలాగే నిలబడింది. రెండు ఫోన్ల మధ్య ఎడం రెప్పపాటు. అంతే.

తన కంపెనీ మేనేజరుకి ఫోను చేశాడు. ఆ అమ్మాయి ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. అంతా విని నిట్టూర్చింది.

"సర్, వెయ్యి కాల్స్‌లో ఒకటి కూడా పడదు ఇలా."

"పడిన ఒక్కటీ నా చెవిలోనే పడిందమ్మా."

"పండగలయ్యాక సరిచేయిద్దాం. ఇవాళ సంతకాలు కావాలి. రిటైరయ్యే ముందు మీకిది ఆఖరి రోజు సర్. ఏడాది పొడుగునా మీ పేరు మీద అన్నీ పచ్చగుర్తులే. ఇదొక్కటీ ఎర్రగా పడుతుంది."

"పడనీ. పచ్చటి తోటలో ఒక్క ఎర్రపువ్వు. మా ఆవిడైతే దానికే గిరాకీ అంటుంది."

ఆ అమ్మాయి నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "వెనక్కి మళ్ళించేయండి సర్. పైవాళ్ళతో నేను మాట్లాడతా" అంది. మళ్ళీ తనే, "రేపట్నుంచి నాకు ఆగు అని చెప్పేదెవరు?" అంది.

"నువ్వే చెప్పుకో. నీ గొంతు నాకంటే బావుంటుంది."

ఫోన్లన్నీ పాత యంత్రానికి మళ్ళించాడు. ఈ పని మాత్రం ఎంత సాఫీగా జరిగిందంటే, బల్లల దగ్గరివాళ్ళకి తెర రంగు మారిందని తప్ప ఇంకేమీ తెలియలేదు. ఏడాదంతా తెప్ప తెప్ప అని నవ్విన కుర్రవాళ్ళు అక్కడ లేరు. ఉంటే బావుండునని ఆయనకి తోచలేదు కూడా.

కంట్రోల్ రూము అధికారి పరుగున వచ్చాడు. కొత్త కోటు వేసుకున్నాడు. ద్వారానికి అప్పటికే ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"ఏంటండీ ఇది? పెద్దలు దార్లో ఉన్నారు. పెళ్ళికొచ్చినవాళ్ళకి పెళ్ళికొడుకు లేడని చెప్పమంటారా?"

"ఉన్నాడండీ. కాస్త చెవుడు. వైద్యం చేయించి తీసుకొస్తారు."

"పరువు పోతుంది నాది!"

"నా పేరు చెప్పండి. కన్సల్టెంటు చివరి నిమిషంలో చేతులెత్తేశాడని చెప్పండి. నాకేం నష్టం లేదు."

అధికారి ఇంకేదో అనబోయాడు. అప్పుడే కంచమ్మ బల్ల మీది రేడియో గరగరలాడింది. అంబులెన్సు డ్రైవరు. "వంతెన వీధి పెద్దాయన్ని చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. ఇబ్బంది లేదన్నారు." కంచమ్మ "మంచిది" అని ఒక్క ముక్క అని, చెంగుతో తెర తుడిచింది. తెర మీద దుమ్మేమీ లేదు. అధికారి రేడియో వంకా, ఆయన వంకా చూసి, వెళ్ళి తన చేత్తోనే రిబ్బను విప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఆయన అక్కడే ఉండి, తర్వాత రాబోయే బృందానికి ఫోనులో జరిగిందంతా విడమర్చి చెప్పాడు. తర్వాత ఒక్కడూ యంత్రాల గదిలోకి వెళ్ళాడు. చల్లటి గది. నల్లబీరువాలాంటి పాత యంత్రం, దాని లోపల తేనెటీగల రొద. ఈ ఏడాది ఇలాంటివి ఎన్నో తన చేత్తో ఆపాడు. ఆపిన ప్రతిసారీ గదిలో పడే నిశ్శబ్దం ఆయనకి ఎప్పుడూ నచ్చలేదు. ఆ ఆఖరిదాని మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. కాసేపలా ఉండి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.

"వైద్యం చేయించి ఎప్పుడు తీసుకొస్తారు?" అడిగింది కంచమ్మ.

"వేరేవాళ్ళు తెస్తారమ్మా. నాకిదే ఆఖరు. ఇంటికెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకుంటా."

ఆ కంచుగొంతు అంత చిన్నగా పలకడం ఆ గదిలో అదే మొదలు. "ఒక్కమాట ముందే చెబితే, టీ అన్నా తెప్పించేవాళ్ళం కదండీ."

ఆయన చెయ్యూపి, చక్రాల పెట్టె లాక్కుంటూ మెట్లు దిగాడు. బస్సు ఎదురుగానే నిలబడి ఉంది. ఎక్కి కూర్చుని భార్యకి ఫోను చేశాడు.

"పనయిందా?"

"కాలేదు."

"మరి?"

"కాకుండానే వచ్చేస్తున్నా."

పైపు చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఆయన గొంతుని వింటోంది. అది బావుందో లేదో పోల్చుకోవడానికి ఆవిడకి ఆ ఒక్క ముక్క చాలు.

"సరే, వచ్చేయండి" అంది. "అన్నం వండుతా."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆ ఊరి వీధులు మొదటిసారి తీరిగ్గా చూశాడు.

పైన గదిలో కంచమ్మ నీళ్ళసీసా కోసం పక్కకి తిరిగి, ఒక్కసారిగా లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బస్సు మలుపు తిరిగిపోయింది. పిలుద్దామని నోరు తెరిచేంతలో వెనక ఫోను మోగింది. ఆవిడ వచ్చి కూర్చుని, ఇయర్‌ఫోను సరిచేసుకుని, "కంగారు పడకండి, చిరునామా చెప్పండి" అంది. అవతలివాళ్ళు చెప్పింది పూర్తయ్యేదాకా విని, మళ్ళీ ఒకసారి అడిగి, అప్పుడు మీట నొక్కింది. పక్కన ఖాళీ కుర్చీ వీపుకి ఆయన బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది, మోచేతుల దగ్గర నూలు పలచబడి, ఏసీ గాలికి ఒక చెయ్యి మెల్లగా ఊగుతూ.