నిమిషమున్నర

"ఆ సినిమా ఆడాళ్లు చూసేది కాదు. నువ్వు రివ్యూ మాత్రం టైపు చేసి పెట్టు" అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఆయ్" అంది శ్రీవాణి, పనసపొట్టు కొడుతున్న కత్తి ఆపకుండానే.

ఆయన అమలాపురంలో కాలేజీ లెక్చరరు. వారం వారం ఓ పత్రికకి సినిమా సమీక్షలు రాస్తారు. రాయడమంటే కాగితం మీద కోడిగీతలు గీకడం. వాటిని విడదీసి, తప్పులు దిద్ది, టైపు చేసి పంపేది మాత్రం భార్య. "మా ఆవిడకి టైపు బాగా వచ్చు" అని స్నేహితుల ముందు ఒకసారి అన్నారు. పదహారేళ్ల కాపురానికి అదే సన్మానం.

ఈసారి సినిమా మీద పెద్ద రభసే జరిగింది. టీవీలో ఆరుగురు మగవాళ్లు కూర్చుని అది కళా, బూతా అని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఈయనకేమో అందులో ఒక డైలాగు సరిగా వినబడలేదట. "లాప్‌టాప్‌లో అక్కడిదాకా జరిపి, ఆ ఒక్క ముక్కా విని రాసెయ్. ముందూ వెనకా చూడకు" అని చెప్పి వెళ్లారు. చూడకు అంటే ఆగే ప్రాణమా! అత్తగారు సుబ్బాయమ్మ గారు భోంచేసి కునుకు తీయగానే శ్రీవాణి మొదట్నుంచీ చూసింది.

చాలాచోట్ల చెవులు వేడెక్కాయి. కెమెరా హీరోయిన్ ఒంటి మీద పాకుతుంటే చిరాకూ వేసింది. అప్పుడొచ్చిందా సీను. హీరో మంచం అంచున కూర్చుని "నీకిష్టమేనా?" అని అడిగాడు. ఆ పిల్ల వెంటనే ఏమీ అనలేదు. ఆలోచించుకుంది. నిమిషమున్నర పాటు. అతను కాచుకుని కూర్చున్నాడు. చివరికి ఆమె నెమ్మదిగా అన్న మాటే, ఈయనకి వినబడని ఆ డైలాగు.

"ఇవాళ కాదు."

శ్రీవాణి మూడుసార్లు వెనక్కి జరిపి చూసింది. ఏమీ పాలుపోలేదు. ఇది మంచి సినిమానా, చెడ్డదా? తనకి వేసింది సిగ్గా, అసూయా? ఈయన చెడ్డవారేం కాదు, ఏనాడూ చెయ్యెత్తి ఎరగరు. మరి నీకిష్టమేనా అని ఒక్కసారైనా అడిగారా? అయినా అడిగే అవసరం ఎక్కడొచ్చింది, లైటు తీయకముందే తను ఆయ్ అనేది కదా! "మా కోడలు నోట్లో నాలుక లేని పిల్లండీ, దేనికైనా ఆయ్ అనేస్తాది" అని సుబ్బాయమ్మ గారు పేరంటాల్లో మురిసిపోతారు. అన్ని వేల ఆయ్‌లలో తను ఇష్టపడి అన్నవి ఎన్ని? కొన్ని ఉండే ఉంటాయి. ఏవో మాత్రం తెలియడం లేదు. ఏడుపొచ్చింది, ఎందుకో అదీ తెలియలేదు.

కళ్లు తుడుచుకుని టైపు మొదలుపెట్టింది. ఆఖరి పేరాలో ఆయన ఇలా రాశారు: "నాయిక నిమిషమున్నర పాటు నోరు మెదపకపోవడం భరించరాని సాగదీత. ఈ దృశ్యం కత్తిరిస్తే సినిమాకొచ్చే నష్టమేమీ లేదు." అదీ టైపు చేసింది. పంపే మీట దగ్గర వేలు కదల్లేదు.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, కాఫీ అందుకున్నారు.

"టైపు చేసేసేవా? బాగా వచ్చింది కదా. పంపించేద్దామా?"

నాలుక చివరిదాకా వచ్చిన ఆయ్‌ని శ్రీవాణి మింగేసింది. ఆయన గ్లాసు పట్టుకుని చూశారు.

"ఏంటే, మాట్లాడవేం?"

"ఆలోచించుకోవాలండీ" అంది, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నిమిషమున్నర పడుతుంది."