తీరని మైనారిటీ

హేమంతర్తువు ప్రవేశించి పక్షము దినములు గడచెను. ప్రాగ్దిశాముఖమున నరుణకాంతులు పొడచూపక మున్నే వాఁగుమీఁదినుండి లేచిన మంచు తెరలు తెరలుగాఁ బ్రాఁకి వచ్చి మునగలపాటి గ్రామమును బరివేష్టించిన ప్రత్తిచేలపైఁ బరచుకొనఁగా నేది మంచో యేది విచ్చిన ప్రత్తికాయయో యెఱుఁగరాకుండ భూతలమంతయు నొక్క ధవళవస్త్రముచేఁ గప్పఁబడినట్లుండెను. ఒడులు గట్టుకొని ప్రత్తి తీయఁబోవు కూలిస్త్రీల కలకలమును మెడగంటలు మ్రోయ బండ్లు లాగు వృషభముల ఖురధ్వనియు వీథివీథిని నిండుచుండ నూరికిఁ బడమటికొస నొంటిగా నిలిచిన యొక పెంకుటింటినుండి మాత్రము దూది యేకు వింటినారి మ్రోఁత యొకటి యాగి యాగి వినవచ్చుచుండెను. ఒకప్పు డట్టి మ్రోఁతలు పదునొకండిండ్లనుండి వెలువడి యూరిని నిద్దుర లేపుచుండెడివి. నేఁడు మిగిలినది యొక్కటియే.

ఆ వింటిని మీటువాఁడు సిలారుసాయిబు. డెబ్బదిరెండు సంవత్సరముల వృద్ధుఁడు. కులవృత్తిచే దూదేకులవాఁడు మతముచే మహమ్మదీయుఁడు మాతృభాషచే శుద్ధాంధ్రుఁడు. ఈ దూదేకులవారి స్థితి విచిత్రమైనది. మహమ్మదీయులు వీరిని దెలుఁగువారందురు. తెలుఁగువారు వీరిని మహమ్మదీయులందురు. మీరెవ్వరని వీరినే యడిగి తెలిసికొన్నవారు మాత్ర మరుదు. యంత్రములు వచ్చి బండెఁడు దూదిని గడియలో నేకఁజొచ్చినది మొదలు రబ్బరుపరుపు లంగళ్లకెక్కినది మొదలు పదియిండ్లవారును మూటముల్లె సర్దుకొని పట్టణములకుఁ బోయి యొకఁడు రిక్షా త్రొక్కియు నొకఁడు పండ్లమ్మియుఁ గాలము పుచ్చుచుండిరి. సిలారును గూడ రమ్మని పిలిచినవారు లేకపోలేదు. కాని యాతఁ డూరు విడువలేదు. విడువకుండుటకుఁ గారణము వాఁగున కావలనున్న యెనిమిదిసెంట్ల నేల.

ఆ నేల దూదేకులవారి శ్మశానము. అందిరువదిరెండు గోరీలు గలవు. వానిపై నామములు లేవు. ప్రతిదాని తలవైపున నొక గుండురాయి మాత్రము పాఁతఁబడియుండెను. ఇరువదిరెండవది సిలారు భార్యయైన కాశింబిది. ఆమె గతించి యాఱేండ్లాయెను. ఆ వంశమువారికిఁ దరతరములనుండి యొక యాచారము గలదు. మృతిచెందినవారి తలక్రింద నుంచుటకుఁ బిడికెఁడు దూదిని వారికిఁ బ్రాణసమానులైనవారు తమచేతులతో నేకి యీయవలయును. బ్రదికినన్నాళ్లు పరులకుఁ బరుపులు కుట్టినవారు వట్టినేలపైఁ దల వాల్చరాదని వారి తలంపు. కాశింబికి సిలారు ఏకెను. సిలారున కేకువారెవ్వరు? సంతానము లేదు. కావున నాతఁడు తనకు వలసిన దూదిని దానే యేకి కాశింబి పాఁతచీరకొంగులో మూటగట్టి దూలమునకు వ్రేలఁగట్టియుంచెను. ఏడాది తిరుగునప్పటికి దూది గడ్డకట్టును. అప్పుడు మూట విప్పి మరల నేకుచుండును. ఆ ప్రాతఃకాలమున వినవచ్చుచున్న మ్రోఁత యదియే. కాశింబిప్రక్క నొక మనుష్యుఁడు పట్టునంత చోటు మిగిలియుండెను. ఆ చోటు తప్ప నాతఁ డీ లోకమునుండి మఱేమియుఁ గోరలేదు.

కోరినది కొంచెమేయైనను దానికిని విఘ్నము గలిగెను. ఆ విఘ్నమునకు మూలము సిలారు నోటిమాటయే యగుట మఱింత శోచనీయము. క్రిందటియేఁడు నడివేసవిలోఁ గచేరినుండి యొక గుమాస్తా యూరూరును దిరుగుచు నల్పసంఖ్యాకులగు ప్రజల శ్మశానములను దన పట్టీలో నెక్కించుచు మధ్యాహ్నవేళ సిలారు గుమ్మమునకు వచ్చి “పెద్దాయనా, నువ్వు మైనారిటీవేనా?” యని యడిగెను.

సిలారున కా మాట క్రొత్తది గాదు. ఆఱవయేఁటఁ దండ్రిని గోల్పోయిన యాతని యరయెకరము పొలమునకుఁ బినతండ్రి పండ్రెండేండ్లు సంరక్షకుఁడై యుండి పదునెనిమిది నిండిన దినమునఁ బదుగురి యెదుట “వీఁడి మైనారిటీ తీరింది” అని చెప్పి కాగితములు చేతఁబెట్టెను. తన జీవితమున సభలోఁ దన్ను మనుష్యునిగా నిలిపిన దినమదియొక్కటే. అందుచే నాతఁడు తలయెత్తి “నా మైనారిటీ తీరి యాభై ఏళ్ళు దాటింది బాబూ. నా సంతకం చెల్లుద్ది” అని బదులు చెప్పెను. గుమాస్తా యాతని పంచెకట్టును జూచెను, తేటతెనుఁగు పలుకును వినెను. మఱల నడుగలేదు. ఎండ మిక్కుటముగా నుండెను. పట్టీలో మునగలపాటి యెదుట “లేరు” అని వ్రాసికొని క్రింద సంతకము చేయుమనఁగాఁ జేవ్రాలు తప్ప వేఱు చదువెఱుఁగని సిలారు కూడఁబలుకుకొని చేసెను. పైపెచ్చు చెంబెఁడు మజ్జిగయుఁ ద్రాగించి పంపెను.

ఇప్పుడు మంచుప్రొద్దున దూది యేకుచుండఁగా వీథిలో దండోరా వినవచ్చెను. వాఁగవతలి ఖాళీస్థలమునఁ బంచాయతీవారు ప్రత్తిగిడ్డంగి కట్టెదరనియు నభ్యంతరము గలవారు శనివారము గ్రామసభకు రావలెననియు దాని సారాంశము. ఖాళీ యను మాట చెవినిఁ బడఁగానే సిలారు చేతిలోని నారి మీటు కొయ్యగుండు జాఱి దూదిలోఁ బడెను.

సర్పంచి కోటిలింగము చెడ్డవాఁడు గాఁడు. శైశవమున నుయ్యెలలో నాతఁడు పరుండిన బొంత సిలారు కుట్టినదే. ఆతఁడు తనకడకు వచ్చిన వృద్ధు నరుఁగుపైఁ గూర్చుండఁబెట్టి కాఫీ తెప్పించి దిగులుగా నిట్లనెను.

“సాయిబు మామా, నాకు మాత్రం సంతోషమా? నిరుడు రాసుకుపోయిన కాయితంలో మన ఊళ్ళో మైనారిటీలు లేరని ఉంది. కింద సంతకం నీదే. లేనోళ్ళకి శ్మశానం ఏందని అడుగుతున్నారు పైవాళ్ళు.”

“మైనారిటీ అంటే ఈడు రాని పిల్లోడు గదా అయ్యా?”

“అదొక్కటే గాదు మామా. కొద్దిమంది అని కూడా.”

సిలారు కాఫీలోటాను క్రింద నుంచి “నేను ఒక్కణ్ణే గదా ఉండా. ఒక్కడైతే కొద్దిమంది కిందికి వస్తాడా?” అని యడిగెను. మామా యను పిలుపులో నాప్యాయము లేకపోలేదు. కాని పిలుపు వేఱు, పట్టీలోని మాట వేఱు.

మఱునాఁడు సిలారు బస్సెక్కి పట్టణమునకుఁ బోయి మసీదుపెద్దను దర్శించెను. ఆ పెద్ద గౌరవముతోఁ గూర్చుండఁబెట్టి యుర్దూభాషలోఁ గుశలమడిగెను. సిలారున కర్థము గాలేదు. అంతట నా పెద్ద తడఁబడు తెనుఁగున “అర్జీ రాయిస్తాము. కాని మీ పేరు మా జమాతు పుస్తకంలో లేదు. మీ ఊరి పుస్తకంలో అయినా ఉండాలి గదా” యని విచారపడెను. రెంటికిఁ జెడ్డ రేవడి యన్న సామెత యెవరిఁ జూచి పుట్టెనో గాని రెండు పుస్తకములయందును లేనివాఁడై సిలారు సాయంకాలపు బస్సులోఁ దిరిగివచ్చెను.

శనివారము ప్రొద్దెక్కినవెనుకఁ బంచాయతీ కచేరి వాకిట గ్రామసభ కూడెను. పైయధికారి యొకఁడు వచ్చి కుర్చీపైఁ గూర్చుండెను. గిడ్డంగి వలదనుటకు రైతులకు నోరాడదు. క్రిందటి పంటకాలమున నకాలవర్షము గురిసి కల్లములందలి ప్రత్తి యంతయు నల్లఁబడినది. గిడ్డంగి కావలయునన్నవారిని జేతు లెత్తుమనఁగా సభ యంతయుఁ జేతు లెత్తెను. సర్పంచియుఁ దలవంచుకొని యెత్తెను. వలదన్నవారిని జేతు లెత్తుమనఁగా వెనుకవరుసలో స్తంభముప్రక్క నొక్క చేయి లేచెను. నారి లాగి లాగి కాయలు గాచిన చేయి యది.

ముందువరుసనున్న బసవయ్య యను రైతు వెనుదిరిగి చూచి “ఏకై వచ్చి మేకై కూర్చోవటమంటే ఇదే. ఒక్కడి కోసం ఊరంతా తడవాలా?” అనెను. కొందఱు నవ్విరి. దూదేకులవానిని గూర్చి యా సామెత మునుపెన్నఁడు నంత చక్కఁగా నతుకలేదని వారి సంతోషము.

సిలారు లేచి నిలిచెను. ఎత్తిన చేయి దింపలేదు.

“అయ్యా, నిరుడు నేను తప్పు చెప్పా. నా మైనారిటీ తీరిందన్నా. తీరలేదు.” మఱల నవ్వులు వినఁబడెను. ఆతఁ డవి యడఁగువఱకు నాగి చెప్పసాగెను. “మా నాయన పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నా అరెకరం పన్నెండేళ్ళు మా చిన్నాయన చేతికింద ఉంది. పిల్లోడి సొత్తని ఆయన గట్టు జానెడు కూడా జరపలా. మీ తాతలే సాక్షులు. ఇప్పుడు మళ్ళీ ఒక్కణ్ణే మిగిలా. నా ఎనిమిది సెంట్లు మీ అందరి చేతికింద ఉన్నాయి. ఇందాకటినుంచి ఎత్తిన చేతులు చూస్తన్నా. వీటిల్లో మా చిన్నాయన చెయ్యి యాడుందో కనపడ్డంలా.”

పిల్లవాని సొత్తు ముట్టరాదన్నది యా యూరిలోఁ జదువురానివారికిఁ గూడఁ దెలిసిన ధర్మము. మొట్టమొదట సర్పంచి చేయి దిగెను. వెనువెంటఁ గొన్ని దిగెను. దింపుటకు సిగ్గుపడిన బసవయ్య దానితోఁ దల గోఁకికొనెను.

అధికారి సభ నొకసారి కలయఁజూచి “దింపినా దింపకపోయినా ఒకటే. ఇది చేతులు లెక్కబెట్టి తేల్చే సంగతి కాదు. గోరీలున్న నేల గోరీలదే. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది” అని పట్టీ తెఱచి “లేరు” అన్న మాటను గొట్టివేసెను. పిదపఁ గల మట్లే పట్టుకొని “ఊళ్ళో మీవాళ్ళు ఎంతమంది?” అని యడిగెను.

“ఇరవైముగ్గురం బాబూ. ఇరవైరెండుమంది వాగవతల ఉన్నారు. నేనే ఇంకా పోలా.”

అధికారి కలపుమొనతోఁ గడులన్నియు వెదకెను. అట్టివారిని వ్రాయుటకుఁ బట్టీలో గడి లేదు. కడపట “ఒకరు” అని వ్రాసెను.

గిడ్డంగిని జెఱువుకట్టక్రింది బంజరునఁ గట్టుటకు నిర్ణయమయ్యెను. సభ ముగిసినవెంటనే యెవరిపనులపై వారు పోయిరి. సిలారు వెంట నెవ్వరును రాలేదు. ఆతఁ డింటికిఁ బోయి దూదిమూటను జంకఁబెట్టుకొని వాఁగు దాఁటి కాశింబి తలయొద్దనున్న రాతిప్రక్కఁ గూర్చుండి “పుస్తకంలో పడ్డా కాశింబీ. ఒకరు అని రాశారు” అని చెప్పెను. చెప్పినంతనే యాతనికి దుఃఖము పొరలివచ్చెను. ఆ “ఒకరు” తాను పోయిన దినమున మరల “లేరు” అగునని యాతఁడెఱుఁగును. అయినను నేలకు నాలుగుమూలల రాళ్లు పాఁతెదమని యధికారి మాట యిచ్చియుండెను. రాళ్లు మనుష్యులకంటె నెక్కువకాల ముండును.

డెబ్బదిరెండేండ్లు నిండియు నొకనికి మైనారిటీ తీరలేదన్నచో లోపమాతని యీడున లేదు. ఈడు రావలసినది చుట్టునున్న వారికి. అది వచ్చువఱకు నాతఁడు కాచుకొని యుండవలసినదే.

సిలారు మూట విప్పి చూచెను. దండోరానాఁడు సగములో విడిచిన దూది యప్పుడే మంచు పీల్చి బరువెక్కియుండెను. దానిని మరల మూటగట్టుకొని యిల్లు సేరి వింటి నారి బిగించెను. ఆ సాయంకాలము పొలములనుండి మరలివచ్చువా రెల్లరు పడమటికొసఁ గొంత నిలిచి యా మ్రోఁతను విని సాగిపోయిరి. ఎవరి తలక్రిందికై యా దూది యేకఁబడుచుండెనో వారెవ్వరు నడుగలేదు.